నర్సు కాన్పు చేస్తే అది తప్పెలా అవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ జిల్లా పేజీలో ఒక వార్త వచ్చింది. ‘డాక్టర్ లేక నర్సులే కాన్పు చేశారు’ అని పెద్దక్షరాల హెడ్డింగ్. కింద బంధువుల ఆందోళన, అధికారుల వివరణ, విచారణ జరిపిస్తామన్న హామీ. ఆఖరి వాక్యంలో మాత్రం ‘తల్లీబిడ్డ క్షేమంగా ఉన్నారు’ అని ఉంది.

ఆ వార్తను నేను పేపరులో చదవలేదు. మా హాస్టల్‌కి మిర్చి బజ్జీలు కట్టుకొచ్చిన కాగితం మీద, నూనె మరకల మధ్య చదివాను. మీ పేపరును చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు, జరిగింది అదే. ఆ ఆసుపత్రితో నాకు పరిచయం లేదు. ఆ కాన్పు చేసిన సిస్టర్ ఎవరో తెలియదు. ఆ రోజు అక్కడ నిజంగానే నిర్లక్ష్యం జరిగిందేమో, అది కూడా నేను చెప్పలేను. అయినా ఆ హెడ్డింగ్ నన్ను వదల్లేదు. అందులో తప్పుగా చూపించిన పనినే నేను పదిహేడు నెలలుగా నేర్చుకుంటున్నాను.

నేను తెలంగాణలో ప్రభుత్వ స్టాఫ్ నర్సుని. ఇప్పుడు కాగితాల మీద నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు, వార్డులో మాత్రం సిస్టరమ్మే. వయసు 36. ఎనిమిదేళ్లు ఒక ఏరియా ఆసుపత్రి లేబర్ రూములో చేశాక ‘నర్స్ ప్రాక్టిషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’ అనే 18 నెలల శిక్షణకు వచ్చాను. మిడ్‌వైఫరీ అంటే మామూలు కాన్పులను నర్సే సొంతంగా చూసుకునే విద్య. వచ్చే నెల ఫైనల్ పరీక్ష. తర్వాత మళ్లీ డ్యూటీ.

బజ్జీలు తిన్న ఆ సాయంత్రం నా బ్యాగులో ఇంకో కాగితం ఉంది. మా మేడం ఇచ్చారు. పైన ‘కోర్సు తర్వాత నా లక్ష్యాలు’ అని ఉంది. కింద నాలుగు గడులు: ఏడాదికి, మూడేళ్లకి, ఐదేళ్లకి, అడ్డంకులు. సోమవారానికి నింపి ఇవ్వాలి.

మా రూములో నలుగురం. ఒకామె ఏడాది గడిలో ‘ట్రాన్స్‌ఫర్’ అని రాసింది. మూడేళ్ల గడిలో ‘ఇంకా దగ్గరికి ట్రాన్స్‌ఫర్’ అని రాసింది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఇద్దరు పిల్లలు తల్లిగారింట్లో ఉన్నారు, చిన్నదానికి ఇంకా మూడేళ్లు నిండలేదు. రెండో ఆమె ‘ప్రమోషన్’ అని ఒక్క మాట రాసి పెన్ను మూసేసింది. మూడో ఆమె ‘జర్మనీ’ అని రాసి, మేడం చూస్తే బాగుండదని కొట్టేసి, మళ్లీ రాసింది. రాత్రి పదింటికి దుప్పటి కప్పుకుని ఫోన్‌లో జర్మన్ క్లాసు వింటుంది. జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసైతే, విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వెళ్లొచ్చని ఆమె లెక్క. ఆమెను తప్పుపట్టను. అన్న చేసిన అప్పుకు పూచీ సంతకం పెట్టింది ఆమే.

నాకు పెన్ను కదల్లేదు. నర్సింగ్ చదివిన రోజుల్లో లక్ష్యం అంటే గవర్నమెంటు ఉద్యోగం. అది వచ్చింది. వచ్చాక లక్ష్యం అంటే ఏంటో ఎవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. డ్యూటీ చార్టు చూసుకోవడం, సెలవు కోసం ఇంకో సిస్టర్‌ని బతిమాలడం, ఇంతే.

మొదట ఈ ‘నర్స్ ప్రాక్టిషనర్’ అనే పేరు గురించి చెప్పాలి. ఈ పేరుతో చాలా తికమక ఉంది. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు, నేను ఈ కోర్సులో చేరానని తెలిసి ఫోన్ చేసి తెగ సంబరపడ్డాడు. ‘నర్స్ ప్రాక్టిషనరా! మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గర ఆమే మమ్మల్ని చూస్తుంది, మందులు రాసేది కూడా ఆమే’ అన్నాడు. అమెరికాలో 1965లో కొలరాడో యూనివర్సిటీలో మొదలైన చదువు అది. కొన్ని రాష్ట్రాల్లో వాళ్లు సొంతంగా రోగుల్ని చూడొచ్చు, టెక్సాస్ లాంటి చోట మందులు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి. మన దగ్గర పేరు అదే, దారి వేరు. ఇక్కడ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టిషనర్ రెసిడెన్సీ పెట్టింది. కాన్పుల వైపు మాది ఉంది. నాతో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన స్నేహితురాలు ఆ క్రిటికల్ కేర్ కోర్సు చేసి ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో చేరింది. వెంటిలేటర్ సెట్టింగులు, బ్లడ్ గ్యాస్ రిపోర్టులు చదవడం అన్నీ నేర్చుకుంది. చేరాక ఆమె చెప్పింది ఒకటే మాట: ‘బ్యాడ్జి మారిందే, మంచాలు మారలేదు.’ పాత రెండు బెడ్లు, పాత చార్టులు, పాత డ్యూటీ. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. కాగితం నింపేటప్పుడు అదే గుర్తొచ్చింది.

మా కోర్సు సంగతికి వస్తాను. తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ సంస్థ, యూనిసెఫ్ తోడుగా ప్రభుత్వం కరీంనగర్‌లో ఈ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది 2018 డిసెంబరులో. అంటే మనమే ముందు నడిచాం. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో తెచ్చిన కొత్త చట్టం పేరులోనే నర్సింగ్ పక్కన మిడ్‌వైఫరీ అనే మాట చేరింది. ఇంత జరిగినా మా అత్తకు మాత్రం నేను ‘మంత్రసాని చదువు’ చదువుతున్నాను. ‘ఎనిమిదేండ్లు సర్కారు నౌకరి చేసి, ఇప్పుడు మంత్రసాని చదువేంది?’ అని వాకిట్లో నిలబడి పక్కింటామెతో అంది. నాకు వినబడాలనే అంది. నిజం చెప్పాలంటే నాకూ మొదట్లో అదే అనుమానం. వందల కాన్పులు చేశాను, ఇప్పుడు కొత్తగా నేర్పేది ఏముంటుంది అనుకున్నాను.

మొదటి వారమే ఆ పొగరు దిగిపోయింది. మా టీచర్ ఒక ప్రశ్న అడిగారు: ‘తొలి కాన్పులో మీరు ఎందరికి కత్తెర పెడతారు?’ అందరం ఒకే జవాబు చెప్పాం, అందరికీ అని. మా లేబర్ రూములో తొలి కాన్పు అంటే కత్తెర తీయడమే, బిడ్డ వచ్చే దారిని కోసి వెడల్పు చేయడమే. ఎందుకు అని ఎవరూ అడగరు. మాకు అలాగే నేర్పారు, మేం మా జూనియర్లకు అలాగే నేర్పాం. ఎపిసియాటమీ అనే ఈ కోత అవసరం ఉన్నప్పుడే చేయాలని, అందరికీ చేయడం వల్ల లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోందని ఆ రోజు తెలిసింది. ఎనిమిదేళ్లలో నేను ఎందరిని కోసి ఉంటాను? లెక్క లేదు. వాళ్లలో కూర్చోలేక, బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఒక పక్కకు ఒరిగి, పళ్లు బిగపట్టుకున్న బాలింతలు ఎందరో. కుట్లు అన్నాక నొప్పి ఉండదా అని నేనే కసిరిన రోజులున్నాయి. ఈ ముక్క రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నా పేరు వేయొద్దని అడగడానికి ఉద్యోగ నియమాలు ఒక కారణం, ఇది రెండో కారణం.

ఇప్పుడు ఏం మారిందో ఒక్క కాన్పు చెబితే సరిపోతుంది.

మార్చిలో ఒక రాత్రి, మూడున్నర గంటలకు 108లో ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. 21 ఏళ్లు, తొలి కాన్పు, బీడీలు చుడుతుంది. భర్త మస్కట్‌లో. తోడు తల్లి వచ్చింది. చూస్తే గర్భసంచి ముఖద్వారం ఆరు సెంటీమీటర్లు తెరుచుకుంది, బీపీ బాగుంది, బిడ్డ గుండె 140 దగ్గర కొట్టుకుంటోంది. అంతా సవ్యంగానే ఉంది, ఆ తల్లి భయం తప్ప. ‘నా బిడ్డ ఓర్వదు సిస్టరమ్మా. కోసి తియ్యిన్రి. మీతోని కాకుంటే చెప్పున్రి, ప్రైవేటుకు తోల్కపోతం’ అంది. పాత నేనైతే ఆమెను బయట కూర్చోమని తలుపేసేదాన్ని. అమ్మాయిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తమని, అరవొద్దని చెప్పేదాన్ని. ఏమీ తాగనిచ్చేదాన్ని కాదు.

ఆ రాత్రి తల్లిని లోపలికే పిలిచాను. అమ్మాయిని నడవమన్నాం. తర్వాత పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టాం. కాసేపటికి అది నచ్చలేదు, కిందికి దిగి మోకాళ్ల మీద కూర్చుని, మంచం అంచు పట్టుకుని ముందుకు వాలింది. ‘అట్లనే ఉండు, నీకెట్ల బాగుంటే అట్ల’ అన్నాను. తల్లికి వేడినీళ్ల బ్యాగు ఇచ్చి నడుము మీద కాపడం పెట్టమన్నాను. చేతికి పని దొరికాక ఆమె అరుపు ఆగింది. మధ్యమధ్యలో గుక్కెడు మజ్జిగ. నేను కింద దుప్పటి పరుచుకుని కూర్చుని, నొప్పి వచ్చి పోయినప్పుడల్లా డాప్లర్ పెట్టి బిడ్డ గుండె వింటున్నాను. ఐదున్నరకు ఆ అమ్మాయి ‘నేను సచ్చిపోత, నాతోని కాదు’ అంది. అలా అన్నారంటే దగ్గర పడ్డట్టు. పుస్తకంలో దానికి ట్రాన్సిషన్ అని పేరు. మా నానమ్మకు ఆ పేరు తెలియకపోయినా విషయం తెలుసు.

తల కనబడ్డాక ముక్కమని అరవలేదు. మాకు ముందు నేర్పింది అదే, గది అదిరేలా ‘ముక్కు, ముక్కు’ అని అరవడం. ఈసారి ‘పాలు పొంగుతుంటే ఊదినట్టు ఊదు’ అన్నాను. ఊదింది. గోరువెచ్చని గుడ్డ అద్ది పెట్టి, ఇంకో అరచేత్తో తల మెల్లగా వచ్చేటట్టు ఆపుతూ కూర్చున్నాను. ఆరూ నలభైకి ఆడబిడ్డ. 2 కిలోల 800 గ్రాములు. తల్లి ఛాతీ మీదే వేసి, పైన గుడ్డ కప్పాం. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా కత్తిరించలేదు. రక్తం ఎక్కువ పోకుండా ఇంజెక్షన్ ఇచ్చాం, మాయ పడింది, చూస్తే చిన్న గీత తప్ప ఏమీ లేదు. కుట్టాల్సిన పని లేదు.

ఆ తల్లి నమ్మలేదు. ‘కొయ్యలేదా? కుట్లు లేవా?’ అని నన్ను అడిగింది. తర్వాత ఆయాను అడిగింది. ఆ తర్వాత డ్యూటీ డాక్టర్ గారు రౌండుకొస్తే ఆయన్నీ అడిగింది. మస్కట్ అల్లుడికి వీడియో కాల్ చేసి, బిడ్డను చూపించడం మరిచిపోయి ముందు ఇదే చెప్పింది.

ఆ మూడు గంటలూ డ్యూటీ డాక్టర్ గారు పక్క గదిలోనే ఉన్నారు. మీ హెడ్డింగ్‌లో ఇది పట్టదు. డాక్టర్ లేకపోవడం వల్ల నేను ఆ కాన్పు చేయలేదు. ఆయన అవసరం లేదు కాబట్టి నేను చేశాను.

అవసరం పడ్డ రోజు కూడా చెబుతాను, లేకపోతే ఇది నా గొప్పల ఉత్తరం అవుతుంది. ఏప్రిల్‌లో ఒకామెకు రెండో కాన్పు. మొదటిది నార్మల్, అన్నీ బాగున్నాయి, నేనే చూసుకుంటున్నాను. ఉమ్మనీరు పోయినప్పుడు పచ్చగా ఉంది. ఆ తర్వాత నొప్పి వచ్చి పోయాక కూడా బిడ్డ గుండె 90 దగ్గరే ఉండిపోయి, మళ్లీ లేవడానికి టైము తీసుకుంటోంది. రెండోసారి విన్నాక ఇక ఆలోచించలేదు. ఎడమ పక్కకు తిప్పాను, డాక్టర్ గారికి ఫోన్ చేశాను, స్ట్రెచర్ రప్పించాను. అరగంట లోపు పెద్ద ఆపరేషన్ అయింది, బిడ్డ ఏడ్చాడు. మా 18 నెలల్లో సగం చదువు ఇదే అనుకోండి: ఎవరిని మన దగ్గర ఉంచుకోవచ్చు, ఎవరిని ఎప్పుడు వదిలిపెట్టాలి. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో, రక్తస్రావం అయితే ఎవరు ఏ వైపు నిలబడాలో బొమ్మల మీద ఎన్నిసార్లు చేయించారంటే, నిద్రలో కూడా ‘టైము చూడండి, సాయం పిలవండి’ అని అరిచేదాన్నట. రూమ్మేట్ చెప్పింది.

ఇది ఎందుకు ముఖ్యమో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశం సగటు 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. మీరే ఎన్నోసార్లు పతాక శీర్షికల్లో వేశారు, ‘కడుపు కోత’ అని కూడా పెట్టారు. నాకు అర్థం కానిది ఇదే. ఆపరేషన్ చేస్తే కడుపు కోత అని రాస్తారు. కోయకుండా నర్సు కాన్పు చేస్తే డాక్టర్ లేక చేసిందని రాస్తారు. మరి మామూలు కాన్పు ఎవరు చేయాలి? ముహూర్తం చీటీ పట్టుకుని లేబర్ రూముకు వచ్చిన కుటుంబాలను చూశాను, ‘తొమ్మిదీ పన్నెండు నుంచి పదీ అయిదు లోపల’ అని పంతులు గారు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ నాకే చూపించారు ఒకసారి. వాళ్లకు మూడు గంటలు పక్కన కూర్చునే మనిషి కావాలి. డ్యూటీలో ఒక్క డాక్టరు ఉండి, ఓపీ, ఆపరేషన్లు, ఎమర్జెన్సీలు అన్నీ చూసుకుంటూ అలా కూర్చోలేరు. అది వాళ్ల తప్పు కాదు. కూర్చోవడానికే మాకు శిక్షణ ఇచ్చారు.

ఇప్పుడు నా కాగితం.

ఆదివారం రాత్రి కూర్చుని నింపాను. ఏడాది గడిలో ఊరి పేరు రాయలేదు, ఒక రిజిస్టరు గురించి రాశాను. రెండు వందల పేజీల లాంగ్ బుక్ ఒకటి కొన్నాను, అట్ట కూడా వేశాను. నేను చూసిన ప్రతి కాన్పుకు ఒక గీత: ఎలా కూర్చుని కన్నది, కత్తెర పెట్టానా, పెడితే ఎందుకు, చినిగిందా, ఎంత రక్తం పోయింది, డాక్టరును పిలిచానా, గంట లోపల బిడ్డ పాలు పట్టిందా. నెలాఖరున కూడి సూపరింటెండెంట్ గారికి చూపిస్తాను. లేబర్ రూములో మా మాటకు విలువ రావాలంటే గొంతు పెంచితే రాదు, అంకెలు చూపిస్తే రావచ్చు. ఇంకోటి కూడా ఉంది. పాత ఎనిమిదేళ్లకు నా దగ్గర లెక్క లేదని చెప్పాను కదా, ఇకనుంచి ఉండాలి.

మూడేళ్ల గడిలో: మా ఏరియా ఆసుపత్రి లేబర్ రూము పక్కన పాత సామాన్లు పడేసిన గది ఒకటి ఉంది. విరిగిన వీల్‌చైర్లు, పనికిరాని రెండు కూలర్లు, 2019 నాటి పోస్టర్లు. ఆ గదిలో రెండు మంచాలు, రెండు బంతులు, గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ, ఒక కర్టెన్, తోడొచ్చిన ఆడమనిషికి ఒక కుర్చీ. దాన్ని మిడ్‌వైఫ్‌లు నడిపే యూనిట్ చేయాలి. మార్గదర్శకాల్లో ఉన్నదే అడుగుతున్నాను. ఖర్చు ఎంతవుతుందో కూడా అడిగి చూశాను, కడ్డీకి వెల్డింగ్ చేసేవాడు పద్దెనిమిది వందలు చెప్పాడు. మంచాలు స్టోరులో ఉన్నాయి.

ఐదేళ్ల గడిలో ‘టీచర్’ అని రాశాను. మిడ్‌వైఫరీ ఎడ్యుకేటర్లకు వేరే శిక్షణ ఉంది, దానికి వెళ్లాలి. మా జూనియర్లకు మొదటి రోజు ‘ముక్కు, ముక్కు’ అని అరవడం నేర్పింది నేను. అది మరిపించాల్సింది కూడా నేనే కదా. దీనికి ముందు ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. మా అబ్బాయి ఐదో తరగతి, ఈ పదిహేడు నెలలూ మా అత్త దగ్గరే ఉన్నాడు. వాడు పదో తరగతికి వచ్చేసరికి నేను ఇంటి దగ్గర ఉంటానని మాటిచ్చాను. మా ఆయన అది విని ఏమీ అనలేదు, క్యాలెండర్ వెనక తారీఖు వేసి పెట్టాడు. లక్ష్యాల కాగితంలో దానికి గడి లేదు, మార్జిన్‌లో రాశాను. మా అత్త సంగతంటారా, పోయిన వారం ఫోన్ చేసి ‘మా చెల్లె మనుమరాలికి ఎనిమిదో నెల నడుస్తున్నది, నువ్వొచ్చినంక నువ్వే చూస్తవా’ అని అడిగింది. చదువు పేరు మాత్రం మారలేదు, ఇంకా మంత్రసాని చదువే.

నాలుగో గడి, అడ్డంకులు, ఖాళీగా ఇచ్చాను. రాయడానికి లేక కాదు. గడి చిన్నది.

మా కన్నా ముందు శిక్షణ పూర్తి చేసిన ఒకామె నాకు తెలుసు. తిరిగి వెళ్లాక ఆరు నెలలు బీపీ, షుగర్ రోగుల రిజిస్టరు రాసింది. తర్వాత క్యాజువాలిటీ. లేబర్ రూముకు వెళ్లింది నెలకు నాలుగు నైట్లు. వాళ్ల ఆసుపత్రిని కూడా తప్పుపట్టలేను, సిస్టర్లు తక్కువ, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారు. కానీ 18 నెలలు ప్రభుత్వమే జీతమిచ్చి, ప్రభుత్వమే నేర్పి, తీరా నేర్పిన పని చేయనివ్వకపోతే ఎట్లా? పాలిచ్చే బర్రెను కొనుక్కొచ్చి దుక్కికి కట్టినట్టు ఉంటుంది. అందుకే నా కోరిక చిన్నది. మిడ్‌వైఫరీ చేసి వచ్చినవాళ్లను డ్యూటీ చార్టులో వేరే రంగు పెన్నుతో రాయండి, వాళ్లను లేబర్ రూము నుంచి కదిలించకండి. వైద్యశాఖ అధికారులు మీ పేపరు చదువుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మీకు కూడా ఒకటి. ఇలాంటి వార్త ఇకమీదట వచ్చినప్పుడు, అచ్చు వేసే ముందు మీ విలేకరిని కొంచెం అడగమనండి. కాన్పు చేసిన నర్సుకు మిడ్‌వైఫరీ శిక్షణ ఉందా, ఆ తల్లికి ముందే ఏదైనా ప్రమాదం కనబడిందా, డాక్టరును పిలవాల్సిన టైముకు పిలిచారా. పిలిచినా రాకపోతే, లేదా పిలవాల్సిన చోట పిలవకపోతే, పెద్దక్షరాలతోనే రాయండి, మేమే మీకు వివరాలు చెబుతాం. అవేవీ లేకుండా బిడ్డ పుట్టి, తల్లి లేచి నడిచి, సాయంత్రానికి అన్నం తింటే, అందులో తప్పేముంది? కావాలంటే ఏ నైట్ డ్యూటీకైనా మీ మహిళా విలేకరిని ఒకరిని పంపండి. ఆ తల్లి ఒప్పుకుంటే తోడు కుర్చీలో కూర్చోబెడతాం. కాకపోతే ఫోన్ బయట పెట్టి రావాలి, మూడు గంటలు ఓపిక పట్టాలి.

ఉత్తరం పెద్దదైంది. ఎక్కడైనా కత్తిరించండి, మజ్జిగ దగ్గర మాత్రం వద్దు. లేబర్ రూములో తాగడానికి ఇస్తారని తెలియక ఇళ్ల నుంచి ఎండిన నోళ్లతో వస్తున్నారు.

నిన్న మేడం నా కాగితం తిరిగిచ్చారు. ఖాళీ గడి గురించి ఏమీ అనలేదు. మూడేళ్ల గడి పక్కన, రెండు మంచాల దగ్గర, పెన్సిల్‌తో ‘ఎవరిని అడుగుతావు? ఎప్పుడు?’ అని రాశారు. కింద జవాబు రాసి మళ్లీ ఇచ్చాను: సూపరింటెండెంట్ గారిని, జాయినింగ్ రిపోర్ట్ ఇచ్చే రోజే, ఆ గది తాళం అడుగుతాను.

ఇట్లు,
ఒక మిడ్‌వైఫరీ విద్యార్థిని
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)